ఏడుపు ఆలస్యంగా వస్తుంది

(స్మారకోపన్యాస పాఠం)



విషయం మీ ఇష్టం అన్నారు నిర్వాహకులు. జపాన్ బొమ్మల సినిమాల గురించి మాట్లాడతానంటే ఫోన్లో అవతలి వైపు కాసేపు మాట లేదు. కార్టూన్లా అని అడగలేక ఆగారని నాకు అర్థమైంది. ఈ ఉపన్యాసం ఎవరి స్మారకమో ఆ మాస్టారైతే ఆగేవారు కాదు, ఏ సినిమా అని అడిగేవారు. కథ చెప్పాక పిల్లల్ని నీతి అడగని ఉపాధ్యాయుడాయన. కథ కింద గడి గీసి అచ్చేసిన నీతి వాక్యం దగ్గరికి రాగానే పేజీ తిప్పించేసేవారని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఎంచుకున్న సినిమాలు కూడా ఆ పేజీ తిప్పేసేవే. ఆయన పేరు మీద జరిగే సభలో వీటికి చోటుంటుందని ధైర్యం చేశాను.

ఈ సినిమాలు పెద్దవాళ్ళను ఎందుకు ఏడిపిస్తాయి? ఇదే నా ప్రశ్న. పిల్లలు నవ్వుకుంటూ చూసే చోట పక్కన కూర్చున్న తల్లికో తండ్రికో గొంతు పట్టేస్తుంది. బాల్యం గుర్తొచ్చి అంటారు కొందరు. అందమైన పల్లెలు, పచ్చటి కొండలు, చేత్తో గీసిన మబ్బులు అంటారు ఇంకొందరు. నాకు ఈ జవాబులు చాలవు. పచ్చటి కొండలు క్యాలెండర్ల మీద కూడా ఉంటాయి, వాటిని చూసి ఎవరూ ఏడవరు. 2025 మార్చిలో ఒక కృత్రిమ మేధ పరికరం పుణ్యమా అని పెళ్ళి ఫొటోలూ బారసాల ఫొటోలూ ఈ సినిమాల్లో చాలావాటిని తీసిన జిబ్లీ స్టూడియో బొమ్మలుగా మారిపోయి మన వాట్సాప్ డీపీల నిండా కనిపించాయి. లేత రంగులు, గుండ్రటి బుగ్గలు అన్నీ సరిగ్గానే దిగాయి. వాటిలో ఒక్కటీ ఎవరి గొంతునూ పట్టుకోలేదు. కాబట్టి రహస్యం రంగుల్లో లేదు.

నాకు తోచిన జవాబు ఇది. ఈ సినిమాలు తీసినవాళ్ళకు పిల్లలు ఎప్పుడు ఏడుస్తారో తెలుసు. దెబ్బ తగిలినప్పుడు కాదు, ఆ తర్వాత, ఎవరో ఒకరు దగ్గర కూర్చున్నప్పుడు. అలా ఏడ్చాక ఆ పిల్లలు లేచి ఏదో ఒక పని మీద బయల్దేరతారు.

"స్పిరిటెడ్ అవే" సంగతి ముందు చూద్దాం. హయావో మియజాకి తీసిన ఈ సినిమా 2001 జులైలో జపాన్‌లో విడుదలైంది. 2002లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్, 2003లో ఆస్కార్ వచ్చాయి. 2020లో "డీమన్ స్లేయర్" సినిమా వచ్చేదాకా జపాన్ చరిత్రలో అత్యధిక వసూళ్ళు దీనివే. మియజాకి దీన్ని మొదలుపెట్టింది మాత్రం తన స్నేహితుల ఇళ్ళలోని పదేళ్ళ ఆడపిల్లల కోసం. ఆ వయసు పిల్లల పత్రికలు తిరగేస్తే ప్రేమకథలు తప్ప ఇంకేమీ కనిపించలేదట ఆయనకు.

చిహిరోకు పదేళ్ళు. అమ్మానాన్నలతో కారులో కొత్త ఊరికి మారిపోతోంది, ఆ మారడం ఆమెకు ఇష్టం లేదు. దారి తప్పి ఒక సొరంగం దగ్గర ఆగుతారు. అవతల మనుషులు లేని అంగళ్ళు, వాటిలో వేడివేడి భోజనం. అమ్మానాన్నలు అడక్కుండానే తినేసి పందులైపోతారు. చీకటి పడుతుంది. అది దేవతలూ దయ్యాలూ స్నానానికి వచ్చే చోటు. స్నానశాల యజమానురాలు యుబాబా అనే మంత్రగత్తె. ఆమె ఒకప్పుడు ఒట్టు పెట్టుకుంది, పని కావాలని అడిగినవాళ్ళకు పని ఇచ్చి తీరాలని. చిహిరోను కాపాడగలిగిన మంత్రం అదొక్కటే: నాకు పని కావాలి. బెదిరించినా, అరిచినా, ఆశ పెట్టినా ఆ మాట వదలకూడదు.

ఆ రాత్రంతా చిహిరో వణుకుతుంది, జారుతుంది, మెట్ల మీద పడబోతుంది. బావురుమనదు. తెల్లారాక హాకు అనే కుర్రాడు ఆమెను పూలపొదల మధ్యనుంచి పందుల దొడ్డికి తీసుకెళ్ళి అమ్మానాన్నలను చూపిస్తాడు. అక్కడా ఆమె అరుస్తుందే తప్ప ఏడవదు. బయటికొచ్చి తోటలో మొక్కల మధ్య ముడుచుకుని కూర్చుంటుంది. హాకు ఆమె బట్టలు తిరిగి ఇస్తాడు. ఆ బట్టల్లో పాత స్నేహితులు ఇచ్చిన వీడ్కోలు కార్డు ఉంటుంది, దాని మీద తన పేరు. యుబాబా లాగేసుకున్న పేరు అది, అప్పటికే సగం మరిచిపోయింది. తర్వాత హాకు ఒక పొట్లం విప్పి ఒనిగిరి, అంటే అన్నం ఉండ, చేతికిస్తాడు. బలం రావడానికి మంత్రం వేశానంటాడు. వద్దంటూనే చిహిరో ఒక ముద్ద కొరుకుతుంది. ఇంకో ముద్ద. అప్పుడు వస్తుంది ఏడుపు.

ఆ కన్నీళ్ళు ఎంత లావుంటాయో చూసినవాళ్ళకు తెలుసు. బుగ్గల మీదనుంచి జారవు, పొంగి రాలతాయి. నిజంగా ఎవరి కంట్లోనూ అంత నీరు ఉండదు. అయినా పదేళ్ళ పిల్ల ఒక రాత్రంతా బిగబట్టిన ఏడుపు లోపలినుంచి అలాగే ఉంటుంది. నోట్లో అన్నం, కళ్ళలో నీళ్ళు, ఆపకుండా తినడం. మంత్రం వేశానన్న మాట హాకు అబద్ధమే చెప్పాడని నా అనుమానం. అన్నానికి మంత్రం ఎందుకు?

మన ఇళ్ళలో చావు జరిగినప్పుడు ఏమవుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పెద్ద కొడుకు అన్నీ దగ్గరుండి చూసుకుంటాడు, టెంటు, కట్టెలు, వచ్చినవాళ్ళకు కాఫీలు. కంట చుక్క రాదు. ఎంత గుండె నిబ్బరమో అంటారు చుట్టాలు. మూడోనాడు ఎవరో పిన్నమ్మ విస్తట్లో ఇంత అన్నం పెట్టి, తిను నాయనా అంటుంది. అక్కడ కూలిపోతాడు. మనిషి దుఃఖానికి తలుపు తీసేది దుఃఖం కాదు, ఆదరణ. తెలుగువాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. మన సినిమాలకే ఇది తెలియనట్టుంది. మన తెర మీద పిడుగు పడిన క్షణంలోనే హీరోయిన్ కుప్పకూలుతుంది, వయొలిన్లు మొదలవుతాయి. ఈ సినిమాల్లో పిడుగు పడ్డప్పుడు నిశ్శబ్దం. సంగీత దర్శకుడు జో హిసాయిషి కూడా చాలాసార్లు అక్కడ తప్పుకుంటాడు.

ఇదొక్క సినిమాలో కనిపించే సంగతైతే చమత్కారం అనుకుని ఊరుకునేవాణ్ణి. "మై నైబర్ టొటొరో" చూడండి. 1988 ఏప్రిల్‌లో వచ్చింది. 1950ల నాటి పల్లెటూరు, టోక్యోకు దగ్గరే. తల్లి ఆసుపత్రిలో ఉంది. ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని తండ్రి ఇద్దరు కూతుళ్ళతో ఒక పాత ఇంటికి మారతాడు. పెద్దది సత్సుకి బడికి వెళ్ళే పిల్ల, చిన్నది మెయ్‌కి నాలుగేళ్ళు. మియజాకి తల్లికి వెన్నెముక క్షయ. ఆయన బడికి వెళ్ళే రోజుల్లో ఆమె ఏళ్ళ తరబడి మంచాన ఉంది. సినిమాలోని ఆసుపత్రి మంచం ఎక్కణ్నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఇంకో చిన్న సంగతి. కథ మొదట అనుకున్నప్పుడు అందులో ఒక్కతే అమ్మాయి. తర్వాత అక్కా చెల్లెళ్ళయ్యారు. పోస్టరు మీద వానలో బస్సు స్టాపు దగ్గర టొటొరో పక్కన నిలబడ్డ అమ్మాయి ఇప్పటికీ ఒక్కతే. సత్సుకీ కాదు, మెయ్యీ కాదు, ఇద్దరి పోలికలూ ఉంటాయి.

సత్సుకి బుద్ధిమంతురాలు. పొద్దున్నే లేచి అందరికీ డబ్బాలు కడుతుంది. చెల్లి జడ, నాన్న మతిమరుపు, ఇంటి పని అన్నీ చూసుకుంటుంది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చిన్నది అమ్మ మీద వాలిపోతుంది, పెద్దది పక్కన నిలబడుతుంది. తల్లి పిలిచి జుట్టు దువ్వితే తప్ప ఆ పిల్లకు అమ్మ స్పర్శ లేదు. ఆ దువ్వెన సన్నివేశం అరనిమిషం ఉంటుందేమో, నాకు మాత్రం సినిమాలో టొటొరో కన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

ఒకరోజు ఆసుపత్రినుంచి టెలిగ్రాం వస్తుంది. తండ్రి ఊళ్ళో లేడు. సత్సుకి పరుగెత్తి ఫోన్ చేస్తుంది. అమ్మకు జలుబు చేసింది, ఈ వారం ఇంటికి రాలేదు. విషయం అంతే. మెయ్ మొండికేస్తుంది, అక్క కసురుతుంది, చెల్లి ఏడుస్తుంది. అక్క ఏడవదు. ఇంటికొచ్చి పడుకుంటుంది. పక్కింటి ముసలమ్మ వచ్చి ఆరిన బట్టలు తీస్తూ, మడతపెడుతూ, ఏం కాదమ్మా జలుబే కదా అంటుంది. ఆ ఓదార్పు మాటకు సత్సుకి నోరు విప్పుతుంది. పోయినసారి కూడా ఇలాగే అన్నారు, కొద్దిరోజులే అన్నారు, అమ్మ చచ్చిపోతే ఎలాగ అని వెక్కివెక్కి ఏడుస్తుంది. గంటల తరబడి ధైర్యంగా ఉన్న పిల్ల బట్టలు మడతపెట్టే ముసలమ్మ ముందు చంటిదైపోతుంది.

ఇక్కడ దర్శకుడు చేసిన పని చూడండి. ముసలమ్మ వెనక మెయ్ నిలబడి ఉంటుంది, తోటలో తెంపిన మొక్కజొన్న కండె గుండెలకు హత్తుకుని. అమ్మకు జబ్బని ఆమెకు ముందే తెలుసు. అక్క ఏడవడం మాత్రం కొత్త. అక్కే ఏడ్చిందంటే సంగతి నిజమన్నమాట. ఆ క్షణంలో నాలుగేళ్ళ పిల్ల కండె పట్టుకుని ఒక్కతే ఆసుపత్రికి బయల్దేరుతుంది. పెద్దదాని కన్నీళ్ళు చిన్నదాని కాళ్ళను కదిలించాయి. మిగతా కథంతా అక్కణ్నుంచే: తప్పిపోవడం, చెరువులో దొరికిన చెప్పు, పన్నెండు కాళ్ళ పిల్లిబస్సు.

చివరికి ఇద్దరూ ఆసుపత్రి బయట చెట్టుకొమ్మ మీద కూర్చుని కిటికీలోంచి అమ్మను చూస్తారు. లోపలికి వెళ్ళరు. కండె కిటికీ దగ్గర పెట్టి వెళ్ళిపోతారు. లోపల తల్లి భర్తతో సత్సుకి గురించే అంటుంది, అంత అణకువగా ఉండే పిల్ల కాబట్టే దాన్ని తలుచుకుంటే ఇంకా జాలేస్తుందని. మన ఇళ్ళలో పెద్ద కూతుళ్ళను మెచ్చుకోవడానికి వాడే మాటలన్నీ అక్కడ తిరగబడతాయి. బుద్ధిమంతురాలు అనిపించుకోవడం వెనక ఎంత బరువుందో తల్లి పోల్చుకుంది. మియజాకి మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన సినిమాల్లో ఆడపిల్లలు మరీ ఎక్కువ పని చేస్తారు. ఊడుస్తారు, తుడుస్తారు, వండుతారు. మగపిల్లలు యంత్రాలు విప్పుతారు. ఆ తల్లి మాట లేకపోయి ఉంటే "టొటొరో"ను నేను క్షమించగలిగేవాణ్ణి కాదు.

ఆ మరుసటి ఏడు, 1989లో, "కికీస్ డెలివరీ సర్వీస్". ఎయికో కదోనో 1985లో రాసిన పిల్లల నవల దీనికి ఆధారం. పదమూడేళ్ళు నిండిన మంత్రగత్తె పిల్ల ఇల్లు వదిలి కొత్త ఊళ్ళో ఏడాది బతికి చూపించాలి. కికి దగ్గరున్న విద్య చీపురు మీద ఎగరడం ఒక్కటే. ఒక రొట్టెల కొట్టు పైగదిలో చేరి, ఎగురుతూ పొట్లాలు అందించే పని పెట్టుకుంటుంది. మన ఊళ్ళలో డెలివరీ కుర్రాళ్ళు వానలో ఎలా తడుస్తారో చూస్తున్నాం కదా, కికి పనీ అదే. ఒక ముసలమ్మ మనవరాలి పుట్టినరోజుకు కష్టపడి చేపల వంటకం చేయిస్తుంది. పొయ్యి పాడైతే కికి తనే కట్టెల పొయ్యి రాజేసి సాయం చేస్తుంది. కుండపోత వానలో తీసుకెళ్తే, తలుపు తీసిన మనవరాలు మళ్ళీ ఇదేనా, నాకిష్టం లేదంటూ లోపలికి తీసుకుని తలుపేస్తుంది. కికి ఏమీ అనదు. తడిసి ఇంటికొచ్చి జ్వరంతో పడుకుంటుంది.

తర్వాత ఆమె ఎగరడం మరిచిపోతుంది. ఎందుకో సినిమా చెప్పదు. నల్లపిల్లి జిజి మాటలు కూడా ఆమెకు వినపడవు, ఇప్పుడది మామూలు పిల్లి. ఆ దశ అంతా దాటుతుండగా ఆ ముసలమ్మే మళ్ళీ పిలుస్తుంది. ఒక పెట్టె ఇచ్చి, దీన్ని కికి అనే అమ్మాయికి అందించాలంటుంది. పెట్టె తెరిస్తే కేకు, దాని మీద చాక్లెట్‌తో ఆమె పేరూ, చీపురు మీద ఎగురుతున్న బొమ్మా. కికి కంట నీరు తిరిగేది అక్కడ. వానలో కాదు, తలుపు మొహాన వేసినప్పుడు కాదు, విద్య పోయినప్పుడూ కాదు. ఎవరి ఇంటి వంటను మోసుకెళ్ళి అవమానపడిందో ఆ ఇంట్లోనే తన పేరు మీద ఒక వంట తయారైనప్పుడు. అంతలోనే టీవీలో గాలిఓడ ప్రమాదం వార్త వస్తుంది. ఆమె పరుగెత్తి, వీధి ఊడ్చేవాడి చేతిలోని బ్రష్షు తీసుకుని ఎగురుతుంది.

జిజి గురించి ఒక మాట. జపాన్ మూలంలో ఆ పిల్లి మళ్ళీ మాట్లాడదు. కికి గెలిచింది, ఊరు చప్పట్లు కొట్టింది, పిల్లి భుజమెక్కింది, అయినా దాని నోట వచ్చింది పిల్లికూతే. 1998 నాటి అమెరికా డబ్బింగ్‌లో చివర్న దాని నోట ఒక మాట పెట్టారు, పిల్లలు బాధపడతారని కాబోలు. తర్వాత వచ్చిన కూర్పులో తీసేశారు. తీసేయడమే సరి. పెరిగితే కొన్ని పోతాయి, గెలిచినా తిరిగి రావు. సినిమా దాన్ని దాచదు, దాని మీద విలపించదు కూడా.

మన జానపద కథలతో ఒక్కసారి పోల్చి చూస్తాను. బాలనాగమ్మ కథలో తల్లి మాయల ఫకీరు చెరలో ఉంటుంది. కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై బయల్దేరతాడు. ఫకీరు ప్రాణం ఎక్కడో చిలకలో ఉంటుంది, చిలక మెడ విరిస్తే కథ అయిపోతుంది. చిహిరో కూడా అమ్మానాన్నలను విడిపించుకోవడానికే పోరాడింది, కానీ ఆమెకు విరవడానికి చిలక లేదు. యుబాబా చావదు, మారిపోయి మంచిదీ కాదు. స్నానశాల రేపు కూడా నడుస్తుంది. అమ్మానాన్నలు బయటికొచ్చాక జరిగిందేదీ వాళ్ళకు గుర్తుండదు, ఎక్కడికెళ్ళావంటూ కూతుర్నే కోప్పడతారు. ఆమె చేసిన ఘనకార్యానికి సాక్షి లేడు. రాజ్యం లేదు, పెళ్ళి లేదు, పట్టాభిషేకం లేదు. కారు మీద దుమ్మూ ఆకులూ, జుట్టుకు యుబాబా కవల సోదరి జెనీబా ఇచ్చిన రబ్బరు బ్యాండు, అంతే. మన కథల్లో పిల్లవాడు పెరిగాడని లోకం ఒప్పుకుంటుంది. వీటిలో ఎవరికీ తెలియదు. పెరగడం మనలో చాలామందికి ఈ రెండో పద్ధతిలోనే జరిగింది. ఎవరూ చూడని ఏదో రాత్రి పెద్దవాళ్ళమయ్యాం, పొద్దున్న టిఫిన్ దగ్గర ఎవరూ కనిపెట్టలేదు. ఆ రాత్రిని ఎవరో బొమ్మలుగా గీసి చూపిస్తే గొంతు పట్టదూ!

మరి మాయ ఎందుకు? మామూలు కథగానే చెప్పొచ్చు కదా? ఈ కథలన్నిటిలో పెద్దవాళ్ళు తప్పుకుని ఉంటారు. ఒకరు పందులయ్యారు, ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు, ఒకరు, ముందు చెప్పబోయే కథలో, మంటల్లో పోయారు. ఆ ఖాళీలోకి వింత జీవులు వస్తాయి. గమనించండి, అవి ఓదార్చవు. టొటొరో మాట్లాడదు, ఒక పొట్లాంలో గింజలు ఇస్తుంది, బస్సు పిలుస్తుంది. బాయిలర్ గదిలో ఆరు చేతుల కమాజి చిహిరోను చూసి విసుక్కుంటాడు. ఆ తర్వాత తన మనవరాలని అబద్ధమాడి స్నానశాలలో పనిచేసే లిన్‌కు అప్పజెబుతాడు. లిన్ ఆమెను పట్టుకుని, తాతకు థాంక్స్ చెప్పడం తెలీదా అని కసురుతుంది. పాపం అని ఎవరూ అనరు, పని ఇస్తారు. పిల్లలకు జాలి కన్నా అది పెద్ద గౌరవం. మురికి దేవుడికి స్నానం చేయించే సన్నివేశంలో చిహిరో ఒక ముల్లులాంటిదాన్ని పట్టుకుని లాగితే సైకిలు వస్తుంది, వెనక ఊరి చెత్తంతా వస్తుంది. ఆ మురికి దేవుడు నిజానికి ఒక నది. ఊరివాళ్ళతో కలిసి ఒక నదిని శుభ్రం చేసినప్పుడు మియజాకి స్వయంగా ఒక సైకిలు లాగాడట. మాయాలోకంలోకి ఆయన మోసుకెళ్ళేవి ఇలాంటివే.

ఇంకొకటి కూడా ఉంది. ఈ మాయ నమ్మించడానికి వాళ్ళు మాయ మీద కన్నా మామూలు మీద ఎక్కువ శ్రమ పడతారు. చిహిరో బూట్లు తొడుక్కుని ముందు వేళ్ళతో నేలను తట్టి సర్దుకుంటుంది. ఆ రెండు తట్లు కథకు అక్కర్లేదు. అదే సినిమాలో గాయపడ్డ డ్రాగన్ నోరు తెరిచి మందు మింగించే సన్నివేశం గీయడానికి, కుక్కకు మందు పట్టించడం ఎలాగో తెలియని కుర్ర యానిమేటర్లు పశువైద్యుడి దగ్గరికి వెళ్ళి చూసొచ్చారు. డ్రాగన్‌ను ఎవరూ చూడలేదు, కుక్క దవడ మాత్రం అందరికీ తెలుసు.

ఇప్పటిదాకా ఆదరణ దొరికిన పిల్లల గురించే చెప్పాను. దొరకని పిల్లల సినిమా కూడా జిబ్లీ స్టూడియోనుంచే, "టొటొరో" వచ్చిన రోజునే వచ్చింది. 1988 ఏప్రిల్ 16న "టొటొరో"తో జతగా ఒకే టికెట్ మీద "గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్" విడుదల చేశారు. దర్శకుడు ఇసావో తకహతా, మియజాకికి అన్నగారిలాంటివాడు. 1945 జూన్‌లో ఒకాయామా మీద బాంబులు పడ్డప్పుడు తొమ్మిదేళ్ళ తకహతా ఆ మంటల మధ్య పరుగెత్తాడు. అకియుకి నొసాకా కథ దీనికి ఆధారం, ఆయన యుద్ధంలో చెల్లెలిని పోగొట్టుకున్నవాడు. ఇందులో మాయ లేదు. పద్నాలుగేళ్ళ సెయితా, నాలుగేళ్ళ సెత్సుకో, ఆకలి. సెయితా పొలంలో దొంగతనం చేసి దొరికి, రైతు చేతిలో దెబ్బలు తింటాడు. అప్పుడు ఏడవడు. పోలీసు చౌకీలో ఒక పోలీసు అతన్ని మెత్తగా మాట్లాడించి, మంచినీళ్ళు తాగమని వదిలేస్తాడు. బయటికొచ్చి, తన కోసం కాచుకుని నిలబడ్డ చెల్లిని చూసి మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తాడు. పద్ధతి అదే. ఒక్క గ్లాసు నీళ్ళపాటి దయ. కానీ ఆ దయ అక్కడితో ఆగిపోయింది. ఏడ్చి లేచాక అతనికి అప్పజెప్పడానికి ఎవరి దగ్గరా పని లేదు, అన్నం లేదు. ఈ రెండు సినిమాలూ ఒకే పూట చూసిన 1988 నాటి ప్రేక్షకులకు ఏమనిపించి ఉంటుందో ఊహించడానికే జంకుతాను.

కొత్త తరంలోకి వస్తే, మకోతో షింకాయ్ "సుజుమె" 2022లో వచ్చింది, మరుసటి ఏడు మన ఊళ్ళ మల్టీప్లెక్సుల్లో కూడా ఆడింది. 2011 మార్చి 11 సునామీలో తల్లిని పోగొట్టుకున్న పాప, ఇప్పుడు పదిహేడేళ్ళ సుజుమె. పెంచిన పిన్నికి కూడా తన యవ్వనం పోయిందన్న కడుపుమంట ఉంది, ఒకచోట అది బయటపడుతుంది. చివర్లో సుజుమె, తల్లిని వెతుక్కుంటూ ఏడుస్తున్న నాలుగేళ్ళ తననే కలుసుకుంటుంది. తల్లి చేసిచ్చిన కుర్చీ ఆ పాప చేతిలో పెట్టి, నువ్వు పెరుగుతావు, ఇది నాకు తెలుసు అంటుంది. పాప దగ్గర కూర్చోవడానికి ఇంకెవరూ రాలేదు కాబట్టి తనే వచ్చింది. షింకాయ్ సినిమాల్లో ఆకాశం మరీ మెరుస్తుంది, పాటలు మరీ సరైన సమయానికి వస్తాయి. నాకు కొంత చిరాకు. ఆ కుర్చీ ముందు మాత్రం ఆ చిరాకు నిలవలేదు.

మమోరు హొసోదా 2012లో తీసిన "వుల్ఫ్ చిల్డ్రన్" వీటన్నిటినీ అటువైపునుంచి, తల్లి వైపునుంచి చూస్తుంది. తోడేలు మనిషిని ప్రేమించిన హనా, అతను పోయాక ఇద్దరు పిల్లలతో కొండ ఊరికి చేరుతుంది. ఆ పిల్లలు కోపమొస్తే తోడేళ్ళవుతారు. కష్టమొచ్చినప్పుడల్లా హనా నవ్వుతుంది. తన తండ్రి శవం దగ్గర కూడా నవ్వి చీవాట్లు తిన్న మనిషి. ఊళ్ళో ముసలాయన ఒకడు, ఎందుకా నవ్వు అని గద్దించి, ఆ తిట్లతోపాటే బంగాళాదుంపలు ఎలా వేయాలో నేర్పుతాడు. పదేళ్ళకే కొడుకు అమె తోడేలుగా అడవికి వెళ్ళిపోతాడు. నీకు ఇంకా నేనేమీ చేయలేదురా అని హనా అంటుంది. కూతురు యుకి హాస్టలుకు వెళ్ళిపోతుంది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ సభలో చాలామందే కనిపిస్తున్నారు. మీరు ఈ సినిమాకు రుమాలు తెచ్చుకోండి. పాస్‌పోర్టులూ వీసాలూ లేని ఈ వలస మీకు కొత్తగా ఏమీ అనిపించదు.

మియజాకి ఎనభై రెండేళ్ళ వయసులో, 2023 జులైలో, "ద బాయ్ అండ్ ద హెరన్" విడుదల చేశాడు. జపాన్‌లో ట్రైలరు లేదు, ప్రకటనల హోరు లేదు, ఒక పోస్టరు, అంతే. 2024లో పోటీ విభాగంలో రెండో ఆస్కార్ వచ్చింది. యుద్ధకాలం. మహితో అనే కుర్రవాడి తల్లి ఆసుపత్రి మంటల్లో పోయింది. తండ్రి ఆమె చెల్లెలినే పెళ్ళి చేసుకుంటాడు, ఆమె కడుపుతో ఉంది. కుర్రవాడు మర్యాదగా వంగి నమస్కరిస్తాడు, అడిగినదానికి జవాబిస్తాడు, ఏడవడు. ఒకరోజు బడినుంచి వస్తూ రాయి తీసుకుని తన తల తనే పగలగొట్టుకుంటాడు. మియజాకి సినిమాల్లో ఇంత భయపెట్టిన దృశ్యం నాకు మరొకటి లేదు. బిగబట్టిన ఏడుపు ఎటు పోతుందో అంత నిక్కచ్చిగా ఆయన అంతకుముందు చెప్పలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం అతని బల్లమీదనుంచి పుస్తకాలు పడతాయి. వాటిలో ఒకటి గెంజబురో యోషినో 1937లో రాసిన నవల, ఈ సినిమాకు జపాన్ భాషలో ఉన్న పేరూ ఆ నవలదే. లోపల తల్లి చేతిరాత, పెద్దవాడయ్యాక చదువుకోమని కొడుక్కి. మహితో అక్కడే కూర్చుని చదవడం మొదలుపెడతాడు. కన్నీటి చుక్కలు పేజీ మీద రాలతాయి. చనిపోయిన తల్లి వచ్చి పక్కన కూర్చున్నట్టే కదా అది. చదువుతుండగానే పిన్ని కనిపించడం లేదని బయట కేకలు వినిపిస్తాయి. అప్పటిదాకా ఆమె వైపు తలెత్తి చూడనివాడు విల్లు తీసుకుని వెతకడానికి వెళ్తాడు. చిహిరో అన్నం ముద్ద, సత్సుకి ముందున్న ముసలమ్మ మడతలు, కికి కేకు వచ్చిన వరుసలోనే ఇదీ వస్తుంది: ఆదరణ, ఏడుపు, బయల్దేరడం. అదే ఎత్తుగడను ముప్పై అయిదేళ్ళపాటు ఒకే మనిషి వాడితే అది ఎత్తుగడ అనిపించుకోదు, ఆయన నమ్మకం అనుకోవాలి.

సభకు ముందు కొందరు తల్లులు నన్ను ఒక ప్రశ్న అడిగారు, జవాబిచ్చి ముగిస్తాను. ఏ సినిమా ఏ వయసుకు అని. "టొటొరో" నాలుగేళ్ళ పిల్లలకు కూడా చూపించొచ్చు. ఎనభై ఆరు నిమిషాలే, పక్కన కూర్చుని చదివి చెప్పాల్సిన సంభాషణలు కూడా తక్కువే. మధ్యలో ఆపి ఏం అర్థమైందని అడగొద్దు. "కికి" ఏడెనిమిదేళ్ళకు. "స్పిరిటెడ్ అవే" పదేళ్ళకు ముందు కొందరు పిల్లలకు రాత్రి నిద్ర పట్టనివ్వదు, మీ పిల్లల సంగతి మీకే తెలుసు. "హెరన్" పన్నెండు దాటాక. రాయి దృశ్యం వచ్చేసరికి మీరు గదిలో ఉండండి. ఇవన్నీ నెట్‌ఫ్లిక్స్‌లో 2020నుంచి మన దేశంలో దొరుకుతున్నాయి, "హెరన్" తర్వాత చేరింది. "గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్" మాత్రం చిన్నపిల్లలకు వద్దు. అది మీరు చూడండి, వీలైతే మరునాడు సెలవున్న రోజున.